ఆ చారలకు కారణం వేడి కాదు

సంపాదకుడు గారికి,

మీ పత్రిక విజ్ఞాన పుటలో ద్రవస్ఫటికాల (ద్రవంలా ప్రవహిస్తూనే అణువులు ఒక క్రమంలో ఉండే పదార్థాల) గురించి వెలువడిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. నెమాటిక్ అనే రకం ద్రవస్ఫటికపు పలుచని పొరకు వోల్టేజి పెంచుతూ పోతే ఒక దశలో సూక్ష్మదర్శినిలో సమాంతర చారలు కనిపిస్తాయని రాసినది నిజమే. 1963లో రిచర్డ్ విలియమ్స్ ప్రకటించిన ఆ చారలను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అయితే విద్యుత్తు ద్రవాన్ని వేడెక్కించడం వల్ల, పొయ్యి మీది నీటిలో మాదిరిగా సుడులు పుట్టి ఆ చారలు ఏర్పడతాయన్న వివరణ మాత్రం సరికాదు.

పొయ్యి మీది నీరు కదలడానికి గురుత్వాకర్షణ కావాలి. కొన్ని పదుల మైక్రాన్ల మందం మాత్రమే ఉండే ఈ పొరను నిలువుగా నిలబెట్టినా, తలకిందులు చేసినా చారలు ఏర్పడుతూనే ఉంటాయి. అసలు కారణాన్ని 1969లో వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిష్ వివరించారు. నెమాటిక్‌లోని కడ్డీల వంటి అణువులు పొరకు ఇరువైపులా ఉండే పలకలకు సమాంతరంగా ఒకే దిశలో వరుస తీరి ఉంటాయి. ద్రవంలోని ఆవేశం గల కణాలు (అయాన్లు) ఆ అణువుల పొడవు వెంబడి సులువుగానూ, అడ్డంగా కష్టంగానూ సాగుతాయి. ఆ వరుస ఎక్కడైనా కాస్త వంగితే విద్యుత్ప్రవాహం పక్కకు మళ్లి, ఒకచోట ధనావేశం, దాని పక్కన రుణావేశం పోగవుతాయి. విద్యుత్ క్షేత్రం వాటిలో ఒకదాన్ని పైకి, మరొకదాన్ని కిందికి నెట్టగా, వాటితో పాటు ద్రవమూ కదిలి మొదటి వంపును ఇంకా పెంచుతుంది.

వంపును సరిచేసే స్థితిస్థాపక బలం ఓడిపోయే వోల్టేజి వద్ద చారలు మొదలవుతాయి. ఎంబీబీఏ అనే నెమాటిక్ పదార్థంలో, దిశ మారుతూ ఉండే (ఏసీ) వోల్టేజి పౌనఃపున్యం తక్కువగా ఉన్నప్పుడు, అది సుమారు 6 నుంచి 8 వోల్టులు. పొర మందాన్ని రెట్టింపు చేసినా ఈ అంకె దాదాపు మారదు, ఎందుకంటే క్షేత్రం ప్రభావం ఎంత తగ్గుతుందో ఆ స్థితిస్థాపక బలమూ అంతే తగ్గుతుంది. నా దృష్టిలో ఈ విషయంలోని అందమంతా ఇక్కడే ఉంది. వ్యాసం దీనిని ప్రస్తావించనే లేదు. ఇక పౌనఃపున్యాన్ని ఒక హద్దు దాటిస్తే, ఆవేశాలు గుర్తు మార్చుకునే వ్యవధి చిక్కక ఈ చారలు పోయి, మరింత హెచ్చు వోల్టేజి వద్ద సన్నని చారలు వస్తాయి. వేడే కారణమైతే ఇంత తేడా రావలసిన పని లేదు.

నేటి ద్రవస్ఫటిక (ఎల్‌సీడీ) టీవీ తెరలకూ ఈ సుడులకూ సంబంధం లేదు. వాటిలో అణువులు దిశ మార్చుకుంటాయి, అంతే. వోల్టేజి బాగా పెరిగినప్పుడు చారలు చెదిరి ద్రవం పాలలా తెల్లబడే గుణాన్ని వాడుకున్నవి 1968లో జార్జ్ హైల్‌మయర్ బృందం చూపిన తొలి తెరలు. వ్యాసంలో ఈ రెండూ కలగలిసిపోయాయి కనుక సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు