సులువైన ఎడిటర్ పేరుతో మీరు ఎంచుకున్న సాఫ్ట్‌వేర్‌పై ఫిర్యాదు

రాజమహేంద్రవరం

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: హోస్టింగ్ ప్లాన్‌తో ఇస్తున్న వెబ్‌సైట్ ఎడిటర్‌ను మార్చినందువల్ల మా ఖాతాదారులకు కలుగుతున్న ఇబ్బంది, పరిష్కారం కోరుతూ.

అయ్యా / అమ్మా,

నేను రాజమహేంద్రవరం చుట్టుపక్కల చిన్న వ్యాపారులకు వెబ్‌సైట్లు తయారుచేసి, మీ సర్వర్‌లో చోటు తీసుకుని ఇతరులకు ఇచ్చే రీసెల్లర్ ప్లాన్‌పై హోస్ట్ చేస్తూ జీవనం సాగిస్తున్నాను. ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే దుకాణం, కడియంలో ఒక నర్సరీ, ఒక కల్యాణ మండపం, ఒక ప్రైవేటు పాఠశాల నా ఖాతాదారుల్లో ఉన్నాయి. వీరిలో ఎవరికీ ఎఫ్‌టీపీ (సర్వర్‌లోకి ఫైళ్లు పంపే పద్ధతి) అంటే ఏమిటో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ధర మారినప్పుడు ధర, ఫోన్ నంబరు మారినప్పుడు నంబరు, సెలవు ఇచ్చినప్పుడు ఆ ప్రకటన, ఈ మూడూ ఎవరినీ అడగకుండా తామే మార్చుకోగలిగితే వారికి చాలు. మీ పాత ఎడిటర్ ఆ పని చేసేది కాబట్టే, ఇంతకంటే చౌకగా దొరికే సర్వర్లను కాదని మీ దగ్గర చేరాను.

ఆ ఎడిటర్‌ను తొలగించి, దాని స్థానంలో పేజీలోని ప్రతి పెట్టెనూ వేలితో లాగి ఎక్కడికైనా జరపగలిగే కొత్త బిల్డర్‌ను మీరు ప్రవేశపెట్టారు. సాంకేతిక పరిజ్ఞానం లేనివారి కోసమే దీన్ని ఎంచుకున్నామని మీ ఈమెయిల్‌లో రాశారు. మా అభిప్రాయం అడగకపోవడం ఒక ఎత్తు, శ్రావణమాసం పెళ్ళిళ్ల సీజన్ ముంగిట, కల్యాణ మండపానికి విచారణలు వచ్చే రోజుల్లో, అందరి సైట్లనూ ఒకేసారి కొత్త పద్ధతికి మార్చివేయడం మరో ఎత్తు.

పూతరేకుల దుకాణం యజమాని ఏం చేశారో, ఏం జరిగిందో వివరంగా రాస్తాను, ఎందుకంటే లోపమంతా అందులోనే కనిపిస్తుంది. నెయ్యి ధర పెరగడంతో ఆయన బెల్లం పూతరేకుల ధర మార్చాలనుకుని, దుకాణంలో కూర్చునే తన ఫోన్‌లో ఎడిటర్ తెరిచారు. ధర ఉన్న చోట వేలు పెడితే అక్షరాల మధ్య కర్సర్ రాలేదు, పెట్టె మొత్తం ఎంపికైంది. మళ్లీ నొక్కబోతే అది వేలితో పాటు కిందికి జారి, ఆర్డర్ బటన్‌ను కప్పేసింది. వెనక్కి తీసుకునే గుర్తు ఫోన్ తెరపై ఎక్కడా లేదు. ధర ఎలాగో దిద్ది, అంతా సరిగానే ఉందనుకుని ఆయన పబ్లిష్ నొక్కారు. ఆ సాయంత్రం దాకా ఆ పేజీ తెరిచినవారికి కొత్త ధర కనిపించింది గాని, కొనడానికి నొక్కే బటన్ కనిపించలేదు. పైగా కంప్యూటర్‌కు ఒక అమరిక, ఫోన్‌కు ఒక అమరిక విడివిడిగా ఉన్నందున, ఒకచోట సరిచేసినది రెండో చోట మళ్లీ సరిచేయవలసి వచ్చింది.

దీన్ని ఆయన చేతగానితనంగా మీ సిబ్బంది తేల్చేశారు. నేను అంగీకరించను. మీ ప్రచార వీడియోలో ఖాళీ పేజీపై బొమ్మలు లాగి పెట్టే కుర్రవాడికి ఏ ఇబ్బందీ రాదు, అతనికి ఆ పేజీలో అమ్ముకోవలసినది ఏమీ లేదు గనుక. కొత్తగా పేజీ కట్టుకునేవారికి కావలసిన సాధనం వేరు, కట్టి ఉన్న పేజీలో రోజూ నాలుగు మాటలు మార్చుకునేవారికి కావలసిన సాధనం వేరు. రెండో రకం వారికి డిజైన్ తాళం వేసి ఉండాలి, మాటలూ బొమ్మలూ మాత్రమే తెరిచి ఉండాలి. ఇది నేను కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. 2002లోనే మాక్రోమీడియా సంస్థ కాంట్రిబ్యూట్ అనే సాఫ్ట్‌వేర్‌ను సరిగ్గా ఈ అవసరం కోసమే విడుదల చేసింది. డిజైనర్ అదే సంస్థ వెబ్‌సైట్ల తయారీ సాఫ్ట్‌వేర్ డ్రీమ్‌వీవర్‌లో టెంప్లేట్ (పేజీ నమూనా) తయారుచేసి, ఏ భాగాలు మార్చవచ్చో గుర్తుపెడితే, ఖాతాదారు ఆ భాగాలనే తాకగలిగేవారు. మీ బిల్డర్‌లో అలాంటి తాళం నాకు గాని, మీ సిబ్బందికి గాని దొరకలేదు.

ఇక తెలుగు సంగతి. మీ కొత్త టెంప్లేట్లన్నీ ఇంగ్లీషు అక్షరాల కొలతలతో చేసినవి. బటన్ల ఎత్తు బిగించి ఉండడం వల్ల అక్షరం కిందికి దిగే వత్తులు తెగిపోతున్నాయి. ‘ఆర్డర్ చేయండి’ అనే బటన్‌లో ర కింది డ వత్తు కనిపించక, జనం దాన్ని ‘ఆరర్’ అని చదువుకుంటున్నారు. శీర్షికల్లో ఇంగ్లీషు పెద్దక్షరాల అందం కోసం పెట్టిన ఎడం తెలుగులోకి వచ్చేసరికి ఒక్కొక్క అక్షరాన్నీ విడదీసి, పదాన్ని పదంగా చదవనీయడం లేదు. ఫాంట్ల జాబితాలో తెలుగు ఫాంటు ఒక్కటీ లేదు. మండలి, మల్లన్న, రామభద్ర, ఎన్టీఆర్ వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నప్పుడు, వాటిలో రెండింటినైనా చేర్చడానికి ఏం అడ్డమో చెప్పగలరు. ప్రెస్సు వాళ్లిచ్చిన అను ఫాంట్ల వచనం అతికిస్తే పిచ్చిగీతలు రావడానికి మాత్రం మిమ్మల్ని తప్పుపట్టను, అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేత పద్ధతి) కాదు.

ఫోన్‌తో తీసిన ఫొటోలను బిల్డర్ చిన్నవి చేయకుండానే పేజీలో పెట్టేస్తోంది. నర్సరీ వారి మొక్కల పేజీ తెరుచుకోవడానికి పట్టే సమయం అందుకే పెరిగింది.

వీటన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది వేరొకటి. పాత పద్ధతిలో సైటు ఫైళ్లన్నీ నా ఖాతాలోనే ఉండేవి, కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ తీసుకుంటే మొత్తం చేతికి వచ్చేది. ఇప్పుడు పేజీలన్నీ బిల్డర్ వారి సర్వర్‌లో ఉంటున్నాయి. నేను తీసే బ్యాకప్‌లో అవి రావడం లేదు, ఎగుమతి చేసుకునే దారి కూడా లేదు. రేపు ఈ బిల్డర్‌ను కూడా మీరు మార్చితే, ఖాతాదారులు రాసుకున్నదంతా ఏమవుతుందో లిఖితపూర్వకంగా తెలియజేయండి.

మీ కంట్రోల్ ప్యానెల్‌లోనే ఒక్క నొక్కుతో వర్డ్‌ప్రెస్ అనే ఉచిత వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్ వేసుకునే సదుపాయం ఉంది. అది అందరికీ సులువని నేను అనను. 2018 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్‌తో దాని ఎడిటర్ బ్లాకుల (పేరా, బొమ్మ వంటి విడివిడి ముక్కల) పద్ధతిలోకి మారినప్పుడు పాతవారెందరో తికమకపడ్డారు, ప్లగిన్ల (అదనపు సదుపాయాల కోసం చేర్చే చిన్న ప్రోగ్రాముల) అప్‌డేట్లు చూసుకునేవారు ఒకరు ఎప్పుడూ ఉండాలి. అయినా అందులో ఖాతాదారుకు ఎడిటర్ హోదా (పేజీలు దిద్దే అనుమతి) మాత్రమే ఇస్తే థీమ్ (సైటు రూపు) జోలికీ, ప్లగిన్ల జోలికీ వెళ్లలేరు. 2022లో వచ్చిన 6.0 నుంచి బ్లాకులను కదలకుండా, తొలగించకుండా తాళం వేయవచ్చు. పొరపాటు జరిగితే పేజీ పాత ప్రతిని తిరిగి తెచ్చుకోవచ్చు. సర్వర్ మారినా పేజీలు వెంట వస్తాయి. పాత ఎడిటర్‌ను కొనసాగించడం సాధ్యం కాకపోతే, ఈ ఏర్పాటునైనా మీ ఖర్చుతో, మీ సిబ్బందితో చేయించి ఇవ్వమని కోరుతున్నాను.

అందువల్ల నా అభ్యర్థన ఇది. నా రీసెల్లర్ ఖాతాలోని సైట్లన్నిటికీ మార్పుకు ముందున్న బ్యాకప్‌ను పునరుద్ధరించి, పాత ఎడిటర్‌ను కనీసం ప్రస్తుత ప్లాన్ గడువు ముగిసేవరకు నడపండి. అది కుదరకపోతే పైన చెప్పిన వర్డ్‌ప్రెస్ ఏర్పాటును చేయించండి. రెండూ కుదరవంటే, మిగిలిన కాలానికి కట్టిన రుసుమును జీఎస్‌టీతో సహా తిరిగి చెల్లించి, పేజీలన్నిటినీ ఫైళ్ల రూపంలో నాకు అప్పగించండి. ఇకముందు ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు, మీ ఇంజినీర్లతో పాటు కొద్దిమంది దుకాణదారులను కూడా కూర్చోబెట్టి, ఫోన్‌లో, తెలుగులో, ఒక ధర మార్చి చూపమని అడగండి.

సపోర్టుకు నేను పెట్టిన టికెట్లకు ప్రతిసారీ అదే ఇంగ్లీషు వీడియో లింకు వచ్చింది, చివరికి నాకు చెప్పకుండానే వాటిని మూసేశారు. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలిపి, నెల రోజుల్లో పరిష్కరించవలసి ఉంటుంది. ఆ గడువులోగా సరైన జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం తప్ప నాకు మరో దారి ఉండదు. బటన్ కప్పబడిన పేజీ, వత్తులు తెగిన బటన్ల స్క్రీన్‌షాట్లు, మూసేసిన టికెట్ల ప్రతులు ఈ లేఖతో జతపరుస్తున్నాను.

ఇట్లు,
మీ రీసెల్లర్ ఖాతాదారు