త్యాగయ్యపై కట్టిన పాటలూ పాడండి

అయ్యా,

పుష్య బహుళ పంచమి వస్తే మన ఊళ్లన్నిటా త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. ఆయన అయిదు పెద్ద కృతులైన ఘనరాగ పంచరత్నాలు పాడతారు, అది సబబే. కానీ ఆయన మీద తర్వాతి వాగ్గేయకారులు కట్టిన కీర్తనలు మన వేదికలపై ఎందుకింత అరుదు?

రామ్‌నాడ్ శ్రీనివాస అయ్యంగార్ రీతిగౌళలో 'సద్గురుస్వామికి' రచించారు. ఆయనది తమిళదేశం. అయినా త్యాగయ్యకు దణ్ణం పెట్టడానికి త్యాగయ్య భాషనే ఎంచుకున్నారు. మైసూరు వాసుదేవాచార్యులు కల్యాణిలో 'శ్రీమదాది త్యాగరాజ గురువరం' అన్నారు. ఇద్దరూ పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు శిష్యులే. ఆ అయ్యరుగారి గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య త్యాగయ్య దగ్గరే నేర్చుకున్నవారు. కాబట్టి ఇవి దూరాన్నుంచి చేసిన పొగడ్తలు కావు, మనవలు తాతను తలచుకోవడం లాంటివి.

ఈ మర్యాద త్యాగయ్యకూ ఉంది. దేవగాంధారిలోని 'క్షీరసాగర శయన'లో ధీరుడైన రామదాసు చెర విడిపించిన సంగతి విన్నానంటూ రాముణ్ణి నిలదీస్తారు. మన భద్రాచల రామదాసు పేరు అలా త్యాగయ్య ఊరైన తిరువయ్యారు పాటలోకెక్కింది! (భద్రాచలంలో ఈ కీర్తన ఏటా వినిపించాలని నా ఆశ.)

ఆరాధన నిర్వాహకులు పంచరత్నాల తర్వాత ఇలాంటివి ఒకటి రెండైనా పాడించాలి. పాడేముందు రాసినవారి పేరు, రాగం చెప్పించాలి. 'సద్గురుస్వామికి' కూడా త్యాగరాజ కృతేనని ప్రకటించిన సభలో నేనూ కూర్చున్నాను. సంగీత కళాశాలలు పిల్లలకు నేర్పితే ఆ ఇబ్బందీ ఉండదు.

– ఒక సంగీతాభిమాని, రాజమహేంద్రవరం