అక్కకి, చిన్నాగాడి చేతిలో పెద్ద పుస్తకం గురించి

లండన్

అక్కా,

ఎనిమిదేళ్ళ చిన్నాకి టోల్కీన్ రాసిన ఇంగ్లీషు నవల హాబిట్ అర్థమవుతుందా అని అడిగావు. నువ్వు చదివి వినిపిస్తే తప్పకుండా అవుతుంది. చేతికిచ్చి చదువుకోమంటే మాత్రం ఇరవయ్యో పేజీ దాటడు. ఆ వయసులో చెవికి అందేదంతా కంటికి ఇంకా అందదు. మాటలు కూడబలుక్కోవడంలోనే ఓపిక అయిపోతే కథ మీదికి మనసెలా పోతుంది?

1936లో ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ ఆ రాతప్రతిని తన పదేళ్ళ కొడుకు రేనర్‌కే ఇచ్చి అభిప్రాయం రాయమన్నాడు. కూలి ఒక షిల్లింగు. ఐదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలందరికీ నచ్చుతుందని రాశాడు ఆ కుర్రాడు. మరుసటి ఏడాదే పుస్తకం వచ్చింది.

చిక్కు మొదటి అధ్యాయంలోనే ఉంది. పదముగ్గురు మరుగుజ్జులు వరసగా వచ్చి కథానాయకుడు బిల్బో ఇంటి తలుపు తడతారు. వాళ్ళ పేర్ల దగ్గర పెద్దవాళ్ళమే తడబడతాం. అయితే ఒక్కొక్కరి టోపీ రంగు రచయితే చెప్పాడు: డ్వాలిన్‌ది ముదురాకుపచ్చ, బాలిన్‌ది ఎరుపు, కీలీ ఫీలీలవి నీలం. అట్టముక్క మీద పదమూడు టోపీలు గీసిపెట్టు. పేరు వచ్చినప్పుడల్లా వాడి చేత రంగు వేయించు. అందరూ గుర్తుండక్కర్లేదు, వాళ్ళ నాయకుడు థోరిన్, ఇంకా బాలిన్, బాంబూర్ గుర్తుంటే కథ సాగిపోతుంది. అర్జునుడే ఫల్గుణుడు, పార్థుడు, కిరీటి అంటే తికమకపడని పిల్లలకి ఇదో లెక్కా?

రోజూ ఇరవై నిమిషాలు చాలు. ఉన్నవి పంతొమ్మిది అధ్యాయాలే. ప్రతి వాక్యానికీ ఆగి తెలుగు చెప్పకు, కథ కుంటుతుంది. ఒక పేరా ఇంగ్లీషులో చదివి, సారం రెండు ముక్కల్లో మన మాటల్లో చెప్పు. ఐదో అధ్యాయంలో పొడుపు కథల పందెం ఉంది. అక్కడ మాత్రం ప్రతి పొడుపుకీ ఆగు, విప్పడం వాడికి వదిలెయ్యి. ఎనిమిదో అధ్యాయంలో పెద్ద సాలీళ్ళు వస్తాయి, దాన్ని పగటిపూట చదువు.

పుస్తకం లోతు వాడికి అందుతోందో లేదో పదహారో అధ్యాయంలో తెలుస్తుంది. థోరిన్ ప్రాణంగా చూసుకునే మణిని బిల్బో తీసుకెళ్ళి, యుద్ధం ఆగుతుందన్న ఆశతో ఎదుటి పక్షానికి ఇచ్చేస్తాడు. బేతాళుడిలా అడుగు: స్నేహితుడికి ద్రోహం చేశాడా, మేలు చేశాడా? తీర్పు నువ్వు చెప్పకు. ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి అన్నా అననీ. రెండు వైపులా న్యాయం ఉందని తోచినప్పుడే పిల్లలు అలా మాట మారుస్తారు. నీతి ఏమిటో చెప్పు అని పాఠంలా అడిగితే మాత్రం నీకు నచ్చే జవాబు వెతుకుతాడు, కథను వదిలేస్తాడు.

దీని తరవాతి కథ లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌కి ఇప్పుడే తొందరపడొద్దు, పదకొండు పన్నెండేళ్ళు రానీ. అందులో ఎల్రండ్ సభ అధ్యాయమంతా కూర్చుని మాట్లాడుకోవడమే. చాలామంది పిల్లలు విసిగిపోయేది అక్కడే. అప్పుడు కూడా దాన్ని మాట్లాడేవాళ్ళ వారీగా విడదీసి నాలుగైదు రాత్రులు చదవాలి.

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత ప్రతి దొరికితే తీసుకో. అచ్చు మరీ సన్నగా ఉంటే వద్దు. లోపలి పటాలు రెండూ ఉన్నాయో లేదో చూడు. ఎవరు ఎటు పోతున్నారో వాడు వేలు పెట్టి చూసుకోవాలి కదా.

బావగారికి నమస్కారాలు. మణి సంగతిలో చిన్నా ఏమన్నాడో తప్పకుండా రాయి.

నీ తమ్ముడు