తాళాలగుత్తి ఎవరి దగ్గరుందో రాసిపెట్టండి

సంపాదకులకు,

కంప్యూటర్ల గొడవ పేపర్‌కి ఎందుకు అనుకోకండి. నేను ఒక యూనివర్సిటీలో డిపార్ట్‌మెంట్ ల్యాబ్ చూసుకుంటాను. స్టూడెంట్ తన పాస్‌వర్డ్ ల్యాబ్‌లో కొట్టినా, లైబ్రరీలో కొట్టినా, మెయిల్‌కి కొట్టినా అది సరైనదో కాదో తేల్చేది ఒక్కటే యాక్టివ్ డైరెక్టరీ, అంటే అందరి అకౌంట్లూ, కంప్యూటర్లూ రాసి ఉండే మైక్రోసాఫ్ట్ వాళ్ళ చిట్టా. ఒక్కటే ఉండటం మంచిదే, నాకేం పేచీ లేదు.

పోయిన సెమిస్టర్‌లో ఎవరో వేరే డిపార్ట్‌మెంట్‌కి పెట్టాల్సిన గ్రూప్ పాలసీని (మెషీన్లు ఎలా నడవాలో చెప్పే సెట్టింగుల కట్టని) పొరపాటున డొమైన్ మొత్తానికి, అంటే ఆ డైరెక్టరీ కింద కలిపి నడిపే అకౌంట్లు, మెషీన్లన్నిటికీ తగిలించేశారు. మా ల్యాబ్‌లో ఆన్‌లైన్ పరీక్షకి గంట ముందు ఒక్క మెషీన్‌లోనూ సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. చివరికి ఆ పాలసీ తీసేశారు గానీ, మార్పు దానంతటదే మెషీన్లకి చేరాలంటే మామూలుగా 90 నిమిషాలు, పైన ఇంకో అరగంట దాకా పడుతుంది, అందుకని నేను ఒక్కో మెషీన్ దగ్గరికీ పోయి జీపీఅప్‌డేట్ (పాలసీ మార్పుని వెంటనే తెప్పించే కమాండ్) కొట్టుకుంటూ తిరిగాను. పిల్లలు బయట టెన్షన్‌తో నిలబడ్డారు. ఎవరు మార్చారో ఇప్పటికీ తేలలేదు, ఎందుకంటే డొమైన్ మొత్తం మీద హక్కులుండే డొమైన్ అడ్మిన్స్ గ్రూప్‌లో రిటైరైనవాళ్ళ అకౌంట్లు కూడా ఉన్నాయి, ఒక అకౌంట్‌నైతే నలుగురు వాడుతున్నారు!

అందుకే కొన్ని డిపార్ట్‌మెంట్లు మాకు వేరే డొమైన్ ఇచ్చేయండి అంటున్నాయి. దానివల్ల ఒరిగేదేం లేదు. అసలు భద్రతా సరిహద్దు ఫారెస్ట్ (డొమైన్లన్నీ కలిసి ఉండే పెద్ద గుంపు), డొమైన్ కాదు. పక్క డొమైన్ అడ్మిన్ అకౌంట్ దొంగల చేతిలో పడితే మనదీ పోయినట్టే.

ఎవరి ఆర్గనైజేషనల్ యూనిట్ (డొమైన్ లోపలే ఒక్కో డిపార్ట్‌మెంట్ అకౌంట్లు, మెషీన్లు విడిగా పెట్టే అర) వాళ్ళకి అప్పగించి, పాస్‌వర్డ్ రీసెట్ లాంటివి అక్కడే చేసుకోనిచ్చే వీలు విండోస్ 2000 నుంచీ ఉంది. అది చేస్తే డొమైన్ అడ్మిన్ హక్కు ఇద్దరు ముగ్గురికి మించి అక్కర్లేదు. స్కీమా (డైరెక్టరీలో ఏయే రకాల వివరాలు ఉండొచ్చో చెప్పే నమూనా) మార్పులకైతే రాతపూర్వక అనుమతి ఉండాలి, అందులో ఒకసారి చేర్చిందాన్ని పనిచేయకుండా ఆపగలం తప్ప తీసేయలేం. ఒకరి సాఫ్ట్‌వేర్ ముచ్చట కోసం చేర్చింది అందరి డైరెక్టరీలో శాశ్వతంగా కూర్చుంటుంది.

ఐటీ సెంటర్ వాళ్ళని తిట్టాలని రాయడం లేదు, ఉన్నదే కొద్దిమంది, పైనుంచి ఎవరు ఫోన్ చేస్తే వాళ్ళకి హక్కులు ఇవ్వక తప్పదు పాపం. వాళ్ళు కాదనాలంటే ఎవరికి ఏ హక్కు ఉండాలో రాసిన ఒక కాగితం చేతిలో ఉండాలి. ఆ కాగితం రాసే కమిటీలో ల్యాబ్‌లు చూసే మాలాంటివాళ్ళకి కూడా ఒక కుర్చీ వేయమని రిజిస్ట్రార్లను అడుగుతున్నాను. మీటింగ్ మాత్రం పరీక్షల రోజున పెట్టకండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ అడ్మిన్