వార్షిక నివేదిక 2024–25: ఇటుక బట్టీల దగ్గర వైద్య శిబిరాలు

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది కవి సమ్మేళనం, రక్తదానం, గ్రంథాలయ మరమ్మతు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈసారి వివరంగా చెప్పుకోవలసింది ఆదివారం శిబిరాల గురించి.

పెద్దపల్లి చుట్టుపక్కల బట్టీలకు దీపావళి దాటాక ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు వస్తాయి. వానలకు ముందే తిరిగి వెళ్తాయి. ఇక్కడి ఆహారభద్రత కార్డు లేదు కనుక వారికి ఆరోగ్యశ్రీ వర్తించదు. కేంద్రం ఆరోగ్య బీమా పథకమైన ఆయుష్మాన్ భారత్‌లో ఒడిశా చేరిందే 2025లో. అప్పటికి బట్టీల పని సగం దాటింది.

శిబిరాలకు వచ్చిన వైద్య విద్యార్థులు మొదట్లో ‘వీళ్లు మళ్లీ రారు, మందులు సగంలో మానేస్తారు’ అనేవారు. మనసు లేక కాదు, వార్డుల్లో పెద్దల నోట విన్న మాట అది. నడుంనొప్పితో వచ్చిన ఒక తల్లికి మూడో ఏడాది విద్యార్థిని వారం విశ్రాంతి రాసింది. హిందీ వచ్చిన ఒక కుర్రాడు దుబాసీగా ఉన్నాడు. వాడు ఆ మాట తల్లికి చెప్పకుండా నవ్వేశాడు. కూలి వెయ్యి ఇటుకల లెక్కన ఇస్తారు, తీసుకున్న అడ్వాన్సు అందులోనే తీరాలి. ఆ అమ్మాయి చీటీ పక్కన పెట్టి, అచ్చులు పోసే చోటికి వెళ్లి చాలాసేపు చూసింది. తిరిగొచ్చి మాత్రలు మార్చి, తడిమట్టి మోసే పని భర్తకు వదిలేయమంది. ఆ తర్వాతి వారాల్లో ‘రారు’ అన్న మాట తగ్గి, ‘ఎప్పుడు వెళ్తారు?’ అన్న ప్రశ్న మొదలైంది.

క్షయ రోగుల విషయంలో ఆ ప్రశ్న చాలా అక్కరకొచ్చింది. క్షయకు మందులు ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా ఉచితమే. క్షయ రోగిగా ప్రభుత్వం నమోదు చేసి ఇచ్చే నిక్షయ్ నంబరు చేతిలో ఉంటే బలంగీర్‌లోనూ చికిత్స కొనసాగుతుంది. పోషణకు నెలకు ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి 1000 రూపాయలైంది. ఊరెళ్లే ముందు ఆ నంబరును కాగితం మీద రాసివ్వడం విద్యార్థులే మొదలుపెట్టారు.

2021–22 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో కుటుంబాల దత్తత ఉంది, అంటే ఒక్కో విద్యార్థి కొన్ని కుటుంబాల ఆరోగ్యాన్ని చూసుకోవాలి. మన దగ్గరికి వచ్చిన విద్యార్థుల జాబితాల్లో మాత్రం ఒక్క బట్టీ కుటుంబమూ లేదు. వాటినీ చేర్చమని కళాశాలకు లేఖ రాశాం, జవాబు రాలేదు.

బయటివారికి మన నిధులెందుకని సర్వసభ్య సమావేశంలో కొందరు అడిగారు. మహారాష్ట్రలోని భివండీ మగ్గాల మీద బతికే మన కరీంనగర్, సిరిసిల్ల వాళ్లు అక్కడ బయటివారే కదా అన్నది కార్యవర్గం సమాధానం. చర్చ కాస్త వేడెక్కినా తీర్మానం నెగ్గింది.

శిబిరాలు దీపావళి తర్వాత మళ్లీ మొదలవుతాయి. ఆ కుటుంబాల భాష సంబల్‌పురి మాట్లాడగలవారు ఎవరైనా తెలిస్తే కార్యదర్శికి చెప్పండి, పిల్లలను దుబాసీలుగా నిలబెట్టడం ఇక మానేద్దాం.