బోరు నీటి నాణ్యత, శుద్ధి పనులు: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

తిరుపతి శివార్లలో, స్వర్ణముఖి వైపున ఉన్న మన కాలనీలో ఈ ఏడాది సంఘం చేపట్టిన పనుల్లో ప్రధానమైనది బోరు నీటి పరీక్ష. ఇదివరకు మే నెలలో ఒకసారి మాత్రమే జరిగే ఈ పరీక్షను, ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక డిసెంబరులో మరోసారి జరపాలని కార్యవర్గం తీర్మానించింది. ఒకే బోరు నీరు ఈ రెండు కాలాల్లో రెండు రకాలుగా ఉంటోందని ఫలితాలు తేల్చాయి కాబట్టి, ఆ తీర్మానం వెనుక కారణాలను కొంత వివరంగా చెప్పడం అవసరం.

గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. అందువల్ల వాన కురిసే రోజుల్లో కుండపోతగా కురవడం, నడుమ ఎండలు ఎక్కువ రోజులు సాగడం పెరుగుతున్నాయి. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్టకు లీకేజీ ఏర్పడి, చుట్టుపక్కల గ్రామాలను ఖాళీ చేయించిన రోజులు అందరికీ గుర్తే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మళ్లీ మన జిల్లాను ముంచెత్తింది. అలాంటి వానల్లో నిండిపోయిన సెప్టిక్ ట్యాంకుల నీరు, చెత్త గుట్టల నుంచి కారే ఊట, పొలాల్లో మిగిలిన ఎరువు కలిసి భూమిలోకి దిగుతాయి. మన పైమట్టి కింద కొంతమేర శిథిలమైన రాయి, ఆ కింద గ్రానైటు, నైస్ (చారలుండే గట్టి రాయి) బండలు ఉన్నాయి. బండ పగుళ్లలోకి చేరిన నీటికి మట్టిలో వడకట్టుకునే అవకాశం ఉండదు. అది నేరుగా బోరుకు చేరుతుంది.

ఖాళీ స్థలంలో వదిలేసిన ఒక పాత బోరు దగ్గర ఈ సంగతి కళ్లారా చూశాం. కేసింగు పైపు నేలకు జానెడు ఎత్తున కూడా లేదు, మూతికి కట్టిన గోనెపట్టా చివికిపోయింది, వీధి నీరు సుడి తిరుగుతూ అందులోకి దిగుతోంది. పక్కింటి బోరు నీటిని బాక్టీరియా పరీక్ష సీసాలో పోసి పెడితే మరునాటి సాయంత్రానికి నల్లబడింది. మురుగు కలిసిందనడానికి అది గుర్తు. డిసెంబరులో కొన్ని బోర్లలో నైట్రేట్ కూడా లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితిని దాటింది. పసిపిల్లలున్న ఇళ్లకు ఈ విషయం అదే రోజు తెలియజేశాం.

మే నెలలో వచ్చే ఇబ్బంది వేరు. నీటిమట్టం పడిపోయాక మోటార్లు లోతు పగుళ్లలో చాలాకాలంగా నిలిచిన నీటిని తోడతాయి. ఎండల తీవ్రతకు కాల్షియం సున్నపు గడ్డలుగా నేలలోనే పేరుకుపోతుంది. కాల్షియం తగ్గి, క్షారత పెరిగిన నీటిలోకి రాతి నుంచి ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1.0 మిల్లీగ్రాము ఆమోదయోగ్యం, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతి. మొదటి హద్దును దాటిన బోర్లు మన కాలనీలో ఉన్నాయి. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు. నీరు ఆవిరైనకొద్దీ వాటి గాఢత పెరుగుతుంది. తల్లులకు ఈ మాటను ఇంటింటికీ వెళ్లి చెప్పిన మహిళా సభ్యుల శ్రమను కార్యవర్గం ప్రత్యేకంగా అభినందిస్తోంది.

ఇక శుద్ధి పనులు. యజమానులు ఒప్పుకున్న చోట పాత బోర్ల మూతులను సిమెంటుతో మూసివేయించాం. వాడకంలో ఉన్న బోర్ల చుట్టూ గట్లు కట్టించాం. సంపులలో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి, అరగంటకు పైగా ఆగి వాడే పద్ధతిని నేర్పించాం. ఆర్‌ఓ యంత్రాలు వదిలే నీటిలో లవణాలు మరింత చిక్కగా ఉంటాయి కనుక, దాన్ని ఇంకుడు గుంతల్లోకి పంపకుండా మరుగుదొడ్లకు వాడాలని తీర్మానించాం. ఇంకుడు గుంతల్లోకి మేడ మీది వాననీరు మాత్రమే వెళ్లాలి, అదీ తొలి వానను బయటికి వదిలేశాకే. ఈ విషయంలో మినహాయింపులు ఇవ్వకపోవడమే మంచిదని కార్యవర్గం అభిప్రాయం.

రాతి పగుళ్లలో ఒకసారి చేరిన కాలుష్యాన్ని తోడి తీసివేయడం చాలా కష్టం, ఖర్చుతో కూడిన పని. ఉదాహరణకు భూమిలోకి కారిన ఇంధనం నీటిమట్టంతో పాటు కిందికి దిగి రాతికి అంటుకుంటుంది. భారీ వానకు మట్టం పైకి వచ్చినప్పుడు నీటి అడుగున చిక్కుకుని ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కరుగుతుంది. మట్టం ఇంతగా ఎగుడుదిగుడు కాని రోజుల్లో వేసిన శుద్ధి లెక్కలు ఇప్పుడు సరిపోవు. అందుకే సంఘం తన నిధులను ముందుగా మురుగు లోపలికి దిగే దారులను మూసేందుకే కేటాయించింది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పించారు.

వచ్చే ఏడాది తొలకరి వానల తర్వాత మూడో పరీక్ష జరపాలని ప్రతిపాదిస్తున్నాం. ఖాళీ స్థలాలున్నవారిలో చాలామంది చెన్నై, బెంగళూరులలో నివసిస్తున్నందున, మిగిలిన పాత బోర్లను మూసేందుకు వారి రాతపూర్వక అనుమతి కావాలి. అనుమతి పత్రాలు కార్యదర్శి వద్ద ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాల వానలు అందుకునేలోగా పని పూర్తి కావాలంటే సెప్టెంబరు నెలాఖరుకు అవి సంఘానికి అందాలి.