విజయవాడ త్యాగరాజ ఆరాధనలో పిల్లల మధ్య కూర్చున్న అమ్మగారికి

అమ్మా, నమస్కారం. పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజస్వామి పంచరత్న కృతులు ఐదూ మేమంతా కలిసి పాడిన గోష్ఠిగానంలో వెనుక వరుసలో కూర్చున్నది మీరే. పేరు అడిగేలోపే వెళ్లిపోయారు కాబట్టి ఇలా రాస్తున్నాను.

నేను కచేరీలు చేస్తాను, పాఠాలు చెబుతాను, ఏటా ఈ బృందాన్ని నడిపిస్తాను. అన్నింటిలోకీ కష్టమైనది చివరిదే. కచేరీలో గొంతు సహకరించకపోతే ఒక సంగతి (అదే పంక్తిని మార్చి పాడే తీరు) తగ్గించుకోవచ్చు, మృదంగం వారూ సర్దుకుంటారు. అంతమంది కలిసి పాడేటప్పుడు ఆ వెసులుబాటు లేదు. పైగా ఆడవారి శ్రుతికీ మగవారి శ్రుతికీ మధ్య రాజీ కుదర్చాలి.

నాట, గౌళ రాగాల కృతులు హాయిగా సాగాయి. ఆరభి రాగ కృతిలో కరెంటు పోయింది. మైకు, ఎలక్ట్రానిక్ తంబురా రెండూ ఆగిపోయాయి. ఆ కృతిలో చరణం చరణానికీ స్వరం, సాహిత్యం పాడి 'సమయానికి తగు మాటలాడెనె' అని అందుకోవాలి. నా గొంతు వెనుకకు వినపడక పిల్లలు తడబడ్డారు.

అప్పుడు మీరు చేయి పైకెత్తి, అందరికీ కనిపించేలా ఆదితాళం వేశారు. ఒక దెబ్బ, చిటికెన వేలు నుంచి మూడు వేళ్ల లెక్క, రెండు ద్రుతాలు (ఒక్కొక్కటి ఒక దెబ్బ, ఒక విసురు). అందుకోవలసిన చోటు రాగానే పక్కనున్న చిన్నదాని భుజం తట్టారు. ఆ పిల్ల అందుకుంది, మిగతావారు ఆమెను అందుకున్నారు. ఎంత చక్కని పని చేశారమ్మా! ఆ స్థిమితం ఏళ్ల తరబడి పాఠం చెప్పినవారికే ఉంటుందని నా నమ్మకం.

వరాళి, శ్రీరాగ కృతులు మైకు లేకుండానే పూర్తి చేశాం. మీకు మా బృందమంతా రుణపడి ఉంది. ఆదివారాలు సాధన ఉంటుంది, తప్పక రండి. పిల్లలు మిమ్మల్నే అడుగుతున్నారు.